“మన ఓడ ఎక్కడుందిరా?”

మెల్‌బోర్న్‌లో నాన్న పొద్దున్నే అడిగే మొదటి ప్రశ్న ఇదే. కాఫీ కూడా ఆ తర్వాతే.

విశాఖలో ముప్ఫై ఏళ్లు వేరేవాళ్ల కార్లు నడిపారాయన. నేను కొత్త కారు బుక్ చేశానని తెలిసి, అందులో కూర్చున్నాకే వెనక్కి వెళ్తానన్నారు. ఆస్ట్రేలియాలో 2017లో పెద్ద కార్ల ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. అప్పట్నుంచి దాదాపు ప్రతి కొత్త కారూ సముద్రం మీద రావాల్సిందే. మాది జపాన్‌లోని నగోయాలో ఓడెక్కింది. డీలర్ చెప్పిన ఓడ పేరు యాప్‌లో కొడితే, మ్యాప్ మీద చిన్న బాణం గుర్తు కనిపించింది.

పెద్ద ఓడలు ఏఐఎస్ అనే పరికరంతో తమ పేరు, చోటు, వేగం రేడియోలో చెబుతూనే ఉంటాయి. తీరంలోని యాంటెన్నాలు వాటిని పట్టుకుంటాయి. నడిసముద్రంలో ఆ పని శాటిలైట్లది. నా ఫ్రీ యాప్‌లో ఆ డేటా రాదు. అందుకే రెండో రోజుకే మా ఓడ మాయం! “మునిగిపోలేదు కదా?” అన్నారు నాన్న. వేగం 18 నాట్లు, అంటే గంటకు 33 కిలోమీటర్లు అని చెప్తే, “మన ఆటో నయం” అని తేల్చేశారు.

తొమ్మిదో రోజు బ్రిస్బేన్ దగ్గర మళ్లీ కనిపించింది. తర్వాత సిడ్నీకి దక్షిణాన పోర్ట్ కెంబ్లా. అక్కడ ఖాళీ లేక మూడు రోజులు బయటే లంగరేసింది. లెక్క అక్కడే తప్పింది. నాన్న ఫ్లైట్ ఆదివారం. ఓడ వచ్చేది గురువారం. దిగాక పురుగులు, గింజలు, మట్టి ఉన్నాయేమోనని బయోసెక్యూరిటీ వాళ్లు చూడాలి. ఆపైన రిజిస్ట్రేషన్. “ఇంకో రెండు వారాలు” అన్నాడు డీలర్.

నాన్న ఏమీ అనలేదు. సూట్‌కేసు సర్దడం మొదలుపెట్టారు.

గురువారం నేను లీవు పెట్టాను. కారు కోసం రైల్లో గీలాంగ్, అక్కణ్నుంచి బస్సులో పాయింట్ లాన్స్‌డేల్ వెళ్లాం. మెల్‌బోర్న్ వచ్చే ఓడలన్నీ ఇక్కడున్న ఇరుకు ముఖద్వారం దాటాలి. దాని పేరు ‘ది రిప్’. నీళ్ల ఉరవడి ఎక్కువ, లోతైన దారి సన్నం. అందుకే స్థానిక పైలట్ బయటే ఓడెక్కి లోపలికి తెస్తాడు. 1902 నాటి లైట్‌హౌస్ దగ్గర, ఈదురుగాలిలో నిలబడ్డాం.

ముందు ఫోన్‌లో బాణం కదిలింది. కాసేపటికి అట్టపెట్టెలాంటి ఓడ, పది పన్నెండంతస్తుల ఎత్తున, మా ఎదురుగానే వెళ్లింది.

“మనది ఎన్నో అంతస్తులో ఉంటుంది?”

“తెలీదు నాన్నా.”

“బీచ్ రోడ్డులో కారాపి, సార్లు వచ్చేదాకా ఓడలే చూసేవాణ్ణి. మనకోసం వచ్చిన ఓడ ఇదేరా ఫస్టు.”

అది మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆయన కదల్లేదు.

కారు చేతికొచ్చాక వీడియో కాల్‌లో చూపించాను. బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టుకోవద్దని ముందే వార్నింగ్ ఇచ్చారు. యాప్ ఇప్పుడు ఆయన ఫోన్‌లోనూ ఉంది. సాయంత్రాలు విశాఖ బీచ్‌లో కూర్చుని, దూరంగా లంగరేసిన ఓడల పేర్లు చూస్తున్నారట.

నిన్న మెసేజ్ పెట్టారు: “మన ఓడ మళ్లీ నగోయా చేరింది. ఇంకెవరి కారో ఎక్కిస్తున్నట్టున్నారు.”