మొగం కుట్టు, వీపు కుట్టు

మగ్గాల ఇంట పుట్టి, మగ్గాల ఇంట మెట్టిన ఆడది ఊలూ సూదులూ పట్టుకు తిరిగితే మా షోలాపూర్‌లో కాస్త వింతగానే చూస్తారు. మొదటి సంగతి, ఇది ఎండల ఊరు. మే నెలలో ఎండ 40 డిగ్రీలకు తగ్గిందంటే ఆ రోజు చల్లగా ఉందనుకుంటాం. రెండోది, ఇది చద్దర్లకూ తువ్వాళ్ళకూ పేరు మోసిన ఊరు. తాతలనాడు తెలంగాణ నుంచి బతుకుదెరువుకు వచ్చి ఇక్కడ మగ్గం గుంట తవ్వుకున్నవాళ్ళ పిల్లలం మేము. "పడుగు పేకలు ఇడిసి ఈ ఊలు గోల ఏందే నీకు?" అని మా పెద్దాడబిడ్డ ఇప్పటికీ అంటుంది. అంటూనే తన మనవడికి టోపీ అడుగుతుంది.

నేను అల్లిక నేర్చుకున్నది మరాఠీ బడిలో, చేతిపని పీరియడులో. మా బాయి, అంటే మా పంతులమ్మ, రెండు సైకిల్ పుల్లలు నున్నగా అరగదీసి ఇచ్చి నేర్పింది. అందుకని నా అల్లిక భాష మరాఠీ. సూటిగా వేసే కుట్టు 'సులట్', తిరగేసి వేసేది 'ఉలట్', కుట్టు అంటే 'టాకా', ఊలు అంటే 'లోకర్'. ఇంట్లో మాట్లాడేది తెలుగు, వేళ్ళ మీద లెక్క మాత్రం మరాఠీ. మాలాంటి ఇళ్ళలో ఇది మామూలే.

నేతనూ అల్లికనూ మరాఠీలో ఒకే మాటతో 'విణకామ్' అంటారు. చేసే చేతులకు మాత్రం తేడా తెలుసు. నేతలో పడుగు వేరు, పేక వేరు. పడుగును బిగువుగా సాగదీసి కట్టాకే పేక నడుస్తుంది. అల్లికకు ఒక్క దారం చాలు. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగుతూ పోవడమే. ఆ ఉచ్చుల వల్లే స్వెట్టర్ ఒంటి మీద సాగుతుంది. వద్దనుకుంటే కొస పట్టి లాగి మొత్తం విప్పేయవచ్చు. మా పెద్దబ్బాయికి ఐదో ఏట అల్లిన స్వెట్టర్ పొట్టిదైతే విప్పాను. ఆ ఊలును లడి కట్టి, తడిపి, కింద చిన్న బరువు తగిలించి ఆరవేస్తే వంకరలు పోయాయి. రంగు కలిసే ఊలు మరో రెండు ఉండలు చేర్చి, దానితోనే చిన్నవాడికి అల్లాను. నేసిన చద్దరుతో ఆ పని చేయలేము.

ఇంకో తేడా ఉంది. మగ్గం దగ్గరకు మనిషి వెళ్ళాలి. అల్లిక మనిషి వెంట వస్తుంది. ఆడదాని రోజు ఎప్పుడూ ముక్కలు ముక్కలుగానే దొరుకుతుంది కదా! కుక్కర్ మూడు కూతల మధ్య ఒక వరుస, పిల్లవాడు ఎక్కాలు అప్పజెప్పేలోగా రెండు వరుసలు. మధ్యలో ఎవరు పిలిచినా సూదులు వదిలి లేవొచ్చు. వరుస పూర్తి చేసి లేస్తే మరీ మంచిది.

పనులు కలగాపులగం కాకుండా నేను సంచులు వేరు చేసుకున్నాను. డిజైన్ ఉన్నదీ, లెక్క తప్పకూడనిదీ ఇంటి సంచి. అది అందరూ పడుకున్నాకే బయటికి వస్తుంది. సాదా మఫ్లర్, పసిపిల్లల టోపీ లాంటివి ప్రయాణం సంచి. చూడకుండా అల్లగలిగేవి చుట్టాలింటి సంచి. పెళ్ళి మాటల దగ్గర కూర్చున్నా వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతాయి. నాలుగోది ఎండాకాలం సంచి. చెమట చేతులకు ఊలు అతుక్కుంటుంది గనుక మా కార్ఖానాలో కోన్లకు మిగిలిన నూలు నాలుగు పోగులు కలిపి పట్టి పిల్లల జబ్బాలు అల్లుతాను. సూదుల సంగతి కొత్తవాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. మన దుకాణాల్లో నంబరు పెరిగినకొద్దీ సూది సన్నం. లావు ఊలుకు 7, 8 నంబర్లు, అంచులకు 11, 12. ఒకే మనిషి అల్లినా దిగులుగా ఉన్న రోజు కుట్లు బిగుసుకుంటాయి. ఆ రోజుల్లో నేను ఒక నంబరు లావు సూది తీసుకుంటాను.

మా పెద్దబ్బాయి ఉద్యోగం పుణెలో. హుతాత్మా ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున్నే బయలుదేరితే దాదాపు నాలుగు గంటల దారి. కుర్డువాడి వచ్చేసరికి టోపీ అంచు పూర్తవుతుంది. భిగ్వణ్ దగ్గర ఉజనీ డ్యామ్ నీళ్ళు కనిపించేసరికి సగం టోపీ, దౌండ్ దాటాక పైన కుట్లు తగ్గించడం మొదలు. బండిలో అల్లుతుంటే పక్కవాళ్ళు పలకరించకుండా ఉండరు. తెలుగువాళ్ళయితే ఊరి పేరు దగ్గర మొదలై ఇంటిపేరు దాకా వస్తుంది.

ఇంత చెప్పాక, ఇందులో డబ్బు ఎంత వస్తుందని అడుగుతారు. ఏమీ రాదు. పెద్దవాళ్ళ నిండు చేతుల స్వెట్టర్‌కు అర కిలో దాకా ఊలు కావాలి. అంటే 50 గ్రాముల ఉండలు పది. నా చేతికి 60 గంటల పని. బజారులో మిషను స్వెట్టర్ ఆ ఊలు ధరకే దొరుకుతుంది. మా అత్తమ్మకు నా మీద ఉన్న కోపమంతా దీని గురించే.

మా అత్తమ్మ పన్నెండో ఏట నుంచి బీడీలు చుట్టింది. షోలాపూర్ తెలుగు వాడల్లో ఇల్లు గడిచింది సగం మగ్గం మీదా, సగం ఆడవాళ్ళ ఒడిలోని చేట మీదా. ఆకు తడపాలి, ఫర్మా పెట్టి కత్తిరించాలి, పొగాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలైతే వెయ్యి. వెయ్యి పూర్తయితేనే ఆమెకు రోజు పూర్తయినట్టు. ఇద్దరాడపిల్లల పెళ్ళిళ్ళూ, మావారి మొదటి పవర్‌లూమూ ఆ వేళ్ళలోంచి వచ్చినవే. నేను సూదులు తీస్తే చాలు, "పైసలు రాని పని గూడ పనేనా? చేతులు నొప్పులు పెట్టుకునుడే గని" అనేది. ఆమెకు జవాబు చెప్పే హక్కు నాకుందని నేను ఎన్నడూ అనుకోలేదు. ఆ చేతుల తిండి తిన్నదాన్ని.

2011లో ఆమెకు ఊపిరి అందడం కష్టమైంది. ఏళ్ళ తరబడి పొగాకు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు. పుణెలో పెద్దబ్బాయి ఇంట్లో ఉంచి చూపించాం. వారం వారం ఆసుపత్రి. వారంలో నాలుగు రోజులు అక్కడ, మూడు రోజులు ఇక్కడి కార్ఖానా కూలీల లెక్కలూ, మావారి భోజనమూ. ఆ ఏడు హుతాత్మాలో నేను అల్లిన టోపీలు లెక్కపెట్టలేదు. పసిపిల్లలున్న ఇంటికల్లా ఇచ్చాను.

బీడీ పని డాక్టరు మాన్పించారు. మందుల కన్నా అదే ఆమెను ఎక్కువ కుంగదీసింది. ఆసుపత్రి బల్ల మీద కూర్చుంటే కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఉత్తగానే రుద్దుకునేవి, బీడీ చుడుతున్నట్టు. రాత్రి నిద్రలోనూ అంతే. "చేతులు ఉత్తగ ఉంటే పానం పోయినట్లుందే కోడలా" అంది ఒక రోజు. నేను ఏమీ మాట్లాడకుండా 8 నంబరు సూదులు, ముదురాకు రంగు ఊలు తీసి, 40 కుట్లు ఎక్కించి ఆమె ఒడిలో పెట్టాను.

"గిదేంది?"

"చేట అనుకో అత్తమ్మా."

డెబ్బై ఏళ్ళ మనిషి రెండు రోజుల్లో పట్టేసింది. చూపు ఆనకపోయినా వేళ్ళకు తెలుసు. బీడీ కూడా ఏనాడూ చూసి చుట్టలేదు కదా. నా మరాఠీ మాటలు మాత్రం ఆమె నోటికి రాలేదు. సులట్, ఉలట్ అంటే విసుక్కుంది. అల్లిన ముక్కను ఇటు తిప్పి, అటు తిప్పి చూసి, "ఇది మొగం. ఇది వీపు. గంతేగదా?" అంది. నిజంగా అంతే. ఇటు సూటి కుట్టుగా కనిపించేదే వెనక నుంచి తిరగ కుట్టు. ఏళ్ళ తరబడి అల్లుతున్న నాకు ఒక్క తెలుగు మాట తట్టలేదు. చదువు రాని ఆమె ఆ సాయంత్రం రెండు మాటలు పుట్టించింది, మొగం కుట్టు, వీపు కుట్టు అని.

నాలుగు నెలలు అల్లింది. మొదట 40 కుట్లతో మొదలైన మఫ్లర్ చివరికి 53 కుట్లయింది. అంచు దగ్గర దారం సూది మీద పడి కొత్త కుట్లు పుట్టుకొచ్చేవి. విప్పి సరిచేస్తానంటే ఒప్పుకోలేదు. "ఎవనికి కట్ట లెక్క జెప్పాల్నా? ఉండనియ్" అంది. బీడీ కంపెనీలో సరిగా లేదని కట్టలు తిరగ్గొట్టిన రోజులు ఆమె మరిచిపోలేదు. మఫ్లర్ ఎవరికని మనవడు అడిగితే, కాసేపు ఆలోచించి, "నాకే" అంది. నాకు తెలిసి ఆమె చేతులు ఆమె కోసమని చేసిన వస్తువు అదొక్కటే.

2012 సంక్రాంతికి షోలాపూర్ వచ్చింది. సిద్ధేశ్వరుని జాతరలో ఏడు నందిధ్వజాలు ఊరేగుతుంటే మా బంధువుల మేడ మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఆ మఫ్లర్ మెడకు చుట్టుకుని, వచ్చిన ఆడవాళ్ళందరికీ కొస పట్టుకు చూపింది. "కోడలు నేర్పింది" అని చెప్పలేదు. "నేను చేసిన" అని చెప్పింది. నాకు అదే బాగుంది. మరో రెండేళ్ళు బతికింది. ఆ తర్వాత మళ్ళీ పెద్దగా అల్లలేదు. చేతిలో సూదులు పెట్టుకుని, ఊలు నిమురుతూ కూర్చునేది. పైసలు రాని పని అన్న మాట మాత్రం మళ్ళీ వినలేదు.

అల్లిక వల్ల అందరి బాధలూ తీరుతాయని నేను అనను. ఆమె ఊపిరి బాగుపడలేదు. బీడీ చుట్టే చేతులకు పెన్షన్, వైద్యం కావాలి, ఊలు కాదు. ఆ మాట ఎవరైనా నాతో అంటే ఒప్పుకుంటాను. కానీ రోజుకు వెయ్యి లెక్కన జీవితమంతా ఇంకొకరికి అప్పజెప్పిన చేతులు చివర్లో నాలుగు నెలలు తమ ఇష్టం వచ్చినట్టు తిరగడం నేను కళ్ళారా చూశాను.

ఇప్పుడు పుణెలో మా మనవరాలు అల్లుతోంది. ఇంగ్లీషు బడి, మరాఠీ స్నేహితులు. తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే తడుముకుంటుంది. సూదులు పడితే మాత్రం "మొగం రెండు, వీపు రెండు" అని తెలుగులోనే గొణుగుతుంది. మొన్న ఆ పిల్ల స్నేహితురాలు, మరాఠీ పిల్ల, అదే మాట అంటూ అల్లుతుంటే విన్నాను. అర్థం తెలుసా అని అడిగితే తెలియదంది. రెండు వైపులా తిప్పి చూపించాను.