బల్లమీద కారు, గోడపక్క పడవ

కోవిడ్ వల్ల బహ్రెయిన్ గ్రాండ్ ప్రి కారు రేసును ప్రేక్షకులు లేకుండా జరుపుతామని 2020 మార్చి 8న అన్నారు. వారం తిరక్కుండానే అదీ వాయిదా పడింది. అక్కడి సాఖీర్ ట్రాక్ మీద కార్లు పరుగెత్తేసరికి నవంబరు 29 వచ్చింది.

ఇంటికే పరిమితమైన రేసు అభిమానికి స్కేల్ మోడల్‌ను మించిన తోడు లేదు. జపాన్ కంపెనీ తమియా ఫార్ములా వన్ కిట్లు ఎక్కువగా 1:20 కొలతలో వస్తాయి. ఐదు మీటర్ల కారు 25 సెంటీమీటర్లకు దిగుతుంది. అదే లెక్కన 5.412 కిలోమీటర్ల సాఖీర్ ట్రాక్ కట్టాలంటే దాదాపు 270 మీటర్ల దారి కావాలి! కిట్‌లోని ఒక్కో ముక్కను ఫ్రేములోంచి కత్తిరించాలి, అంచు గరుకు కాగితంతో రుద్దాలి, కొన్నిటికి అతికించకముందే రంగు వేయాలి. నీళ్లలో నానిన స్టిక్కర్‌ను తొందరపడి లాగితే చిరుగుతుంది. ఇంజను ఎక్కడ కూర్చుంటుందో, చక్రాన్ని ఏ కడ్డీలు పట్టుకుంటాయో టీవీ చూపించదు. ఈ పని చూపిస్తుంది.

కారుతోనే ఆగనక్కర్లేదు.

బహ్రెయిన్‌లోని ముహర్రక్ ముత్యాల వేట వారసత్వం 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఆ వేటకు వెళ్లిన ధౌ పడవలను గల్ఫ్ వడ్రంగులు నక్షా గీయకుండా, కంటి అంచనాతోనే కట్టేవారు. అందుకే అలాంటి పడవ నమూనా చేయాలంటే ముందు ఫొటోలు తీసి, కొలతలు తీసుకుని, గీతలు గీసుకోవాలి. కిట్ కంటే కష్టమే. అయినా బహ్రెయిన్‌లో ఉన్నవాళ్లు చేయాల్సిన మోడల్ ఇదే.