స్టీరింగ్ డబ్బాలో నేను పోసిన ఆయిల్

మన గ్రూపులో ఎక్కువగా స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్ల పోస్టులే వస్తాయి. నేను బండి రిపేరు గురించి రాస్తున్నా. మన ఏజెన్సీలో సర్వీసు బండి మీద బతికే ఇళ్లు చాలా ఉన్నాయి, ఎవరికైనా పనికొస్తుందని. ఇందులో తప్పు నాదే, అది ముందే చెప్తున్నా.

మా బావకి పాత బొలెరో ఉంది. పాడేరు సంతకి మనుషుల్ని, పసుపు బస్తాల్ని తిప్పుతాడు. నా చదువు ఖర్చు ఆ బండి మీదే. దసరా సెలవుల్లో ఒక రోజు పొద్దున్నే చూస్తే బండి ముందు నేల మీద ఎర్రటి చుక్కలు. ఇంజన్ ఆయిల్ అయితే నల్లగా ఉంటుంది, రేడియేటర్ నీళ్లకి అంత జిడ్డు ఉండదు. స్టార్ట్ చేసి స్టీరింగ్ తిప్పితే పంపు గుయ్‌మని మూలుగుతోంది. బానెట్ ఎత్తితే స్టీరింగ్ డబ్బాలో ఆయిల్ గీత కిందకి దిగిపోయింది. రాత్రి నొప్పులొచ్చిన మనిషిని కొండ దించి వచ్చి బావ నిద్రపోతున్నాడు. లేపడం ఎందుకని సీటు కింద ఉన్న బ్రేక్ ఆయిల్ సీసా తీసి పోసేశా. ఏ ఆయిలైతే ఏంటి అనుకున్నా. శబ్దం ఆగింది. కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఎవరికీ చెప్పకుండా హాస్టల్‌కి వచ్చేశా.

సంక్రాంతికి వెళ్లేసరికి బావ రెండు రోజులకోసారి డబ్బా నింపుతున్నాడు. కింద మైదానంలో ఒక మెకానిక్ పంపు, స్టీరింగ్ బాక్సు రెండూ మార్చాలన్నాడట. అంత డబ్బు మా దగ్గర లేదు. అలాగే నడిపాడు.

ఘాట్‌లో మోదకొండమ్మ పాదాల దగ్గర మొక్కి బయల్దేరాక ఒక మలుపులో ఆయిల్ అయిపోయింది. ఆయిల్ పోయినా స్టీరింగ్ ఊడిపోదు, చక్రాలు తిరుగుతాయి. కానీ పంపు సాయం ఉండదు, బరువంతా చేతుల మీదే. బావ సీట్లోంచి సగం లేచి, ఒంటి బరువంతా వేసి తిప్పాడు. వెనక పదిమంది ఉన్నారు. నేను పక్క సీట్లో ఉన్నా.

ఆ సాయంత్రం బ్రేక్ ఆయిల్ సంగతి చెప్పేశా. బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముందే చెప్పుంటే అయిపోను కదరా" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

మర్నాడు పాడేరులో ఒక ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్లాం. ఆయన ముందు స్పానర్ ముట్టుకోలేదు. చల్లారిన ఇంజన్ కింద భాగమంతా డీజిల్‌తో కడిగించి, గుడ్డతో పొడిగా తుడిపించాడు. ఆయిల్ పైన కారి, గాలికి ఎగిరి, ఇంకెక్కడో చుక్క కడుతుంది. చుక్క పడ్డ చోటే లీకు ఉందనుకోకూడదన్నాడు. కింద అట్టముక్క పరిచి, బండి స్టార్ట్ చేసి, నన్ను స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పమని తను టార్చితో చూశాడు. చివరికంటా తిప్పి అక్కడే పట్టుకుని ఉంచొద్దన్నాడు, ప్రెషర్ పెరిగి పంపు వేడెక్కుతుందట.

రెండు చోట్ల తడి కనిపించింది. డబ్బాకి తిరిగొచ్చే రబ్బరు పైపు క్లిప్ దగ్గర చిట్లింది. మొదటి చుక్కలు అక్కడివే. రెండోది పంపు పుల్లీ వెనక సీలు. అది బ్రేక్ ఆయిల్ పని. స్టీరింగ్ సీళ్ల రబ్బరు పెట్రోలియం ఆయిల్‌కి తగ్గట్టు చేస్తారు. బ్రేక్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. విప్పాక చూస్తే సీలు నానిన బొబ్బర గింజలా ఉంది. ప్రెషర్ పైపు, బాక్సు మాత్రం పొడిగా ఉన్నాయి. అంటే బాక్సు మార్చాల్సిన పనే లేదు! మన బండికి కావాల్సింది ఏటీఎఫ్ అనే ఎర్ర ఆయిల్. ఏ బండైనా మూత మీదో, బండి పుస్తకంలోనో చూసి పోయండి. ఆ ఎర్ర ఆయిల్‌ని బ్రేక్ డబ్బాలో పోస్తే ఇంకా ప్రమాదం, బ్రేకులే పోతాయి.

పంపుకి సీళ్ల కిట్టు, కొత్త పైపు, రెండు క్లిప్పులు వేశాడు. పాత ఆయిల్ తీసేసి, కొత్తది పోసి తిప్పి, అదీ పారబోసి మళ్లీ పోశాడు. ముందు చక్రాలు జాకీల మీద లేపి, ఇంజన్ ఆపి ఉంచే స్టీరింగ్ మెల్లగా అటూ ఇటూ ఇరవైసార్లు తిప్పించాడు, గాలి పోవడానికి. డబ్బాలో నురగ కనిపిస్తే ఇంకా గాలి ఉన్నట్టే. మొత్తం ఖర్చు ఆ మొదటి మెకానిక్ చెప్పినదాంట్లో ఐదో వంతు కూడా కాలేదు.

బాక్సు లోపలి సీళ్లు కూడా మూడు నెలలు అదే ఆయిల్‌లో నానాయి, కనిపెట్టుకుని ఉండమన్నాడు ఆయన. బావ రోజూ రాత్రి బండి కింద అట్టముక్క పెడుతున్నాడు. ఆదివారం ఫోన్ చేస్తే నా చదువు అడక్కముందే చెప్తాడు, "అట్ట పొడిగానే ఉందిరా" అని.