మా ఇంటి ముచ్చట్లు – 23: బాపు హిందీ, అవ్వ గ్లాసు

శ్యామ్ బెనెగల్ అనగానే మనవాళ్లు 'అంకుర్' అంటారు, 'నిశాంత్' అంటారు. టీవీ ముచ్చటొస్తే 'భారత్ ఏక్ ఖోజ్' దగ్గర ఆగిపోతారు. ఆయనే 2014లో రాజ్యసభ టీవీకి 'సంవిధాన్' అని పది భాగాల సీరియల్ తీసిండు. రాజ్యాంగ సభ చర్చలే కథ. జై భీమ్ అని గొంతు పోయేదాకా అరిచే మన సభల్లో కూడా దాన్ని చూసినోళ్లు చాలా తక్కువ. నాకు ఇప్పటికీ కోపమే.

మా ఇంట్లోకి అది తెలంగాణ బిల్లు పుణ్యాన వచ్చింది. ఫిబ్రవరి 20న రాజ్యసభలో బిల్లు పాసయిన రోజు మా కాజీపేట ఇంట్లో ఆ ఛానెల్ తప్ప ఇంకోటి పెట్టనియ్యలేదు బాపు. ఆ తర్వాత కూడా మార్చలేదు. మార్చి 2, ఆదివారం 'సంవిధాన్' మొదలైంది. తమ్ముడు క్రికెట్ అని రెండు వారాలు లొల్లి పెట్టి, మూడో వారం వాడే వచ్చి కూసున్నడు.

చూడ్డానికి అందులో ఏముంది? కుర్చీల్లో కూసున్న మనుషులు లేచి మాట్లాడతారు, మళ్లీ కూసుంటారు. ఫైటింగు లేదు, అత్తాకోడళ్ల పంచాయితీ లేదు. కానీ వాదన నడుస్తుంటే వాదనగానే నడవనిచ్చిండు బెనెగల్. అంబేడ్కర్‌ను దేవుణ్ని చేసి మెడలో దండేసి కూసోబెట్టలేదు. సచిన్ ఖేడేకర్ ఆ పాత్ర వేసిండు. పని మీదున్న మనిషిలా, కాయితం చేతిలో ఉన్న మనిషిలా కనిపిస్తడు. చాలా ఏండ్లకు 'అల వైకుంఠపురములో' సినిమాలో అదే నటుణ్ని చూసి అవ్వ, "మన అంబేడ్కర్ సారు గీ బంగ్లాల ఏం జేస్తుండు?" అన్నది.

అవ్వకు హిందీ రాదు. బాపు రైల్వేలో గ్యాంగ్‌మన్. ఇన్‌స్పెక్టర్ల తిట్లతోని నేర్చుకున్న హిందీ ఆయనది. సీరియల్ నడుస్తుంటే పక్కన ఆయన తెలుగు నడిచేది. గాంధీని 'బాపు' అన్నప్పుడల్లా అవ్వ ఈయన దిక్కు చూసి నవ్వేది. అంబేడ్కర్ మొదట బెంగాల్ నుంచి జోగేంద్రనాథ్ మండల్ వంటివాళ్ల సాయంతో గెలవడం, దేశ విభజనతో ఆ సీటు పోవడం, 1947 జులైలో బొంబాయి నుంచి మళ్లీ రావడం, ఇదంతా బాపు ఒక్క ముక్కలో తేల్చేసిండు: "బెంగాల్ల పోస్టు ఎత్తేసిన్రు. బొంబాయిల మళ్ల జాయినయిండు."

ముసాయిదా కమిటీలో ఏడుగురు. ఒకరు రాజీనామా చేసిన్రు, ఒకరు చనిపోయిన్రు, ఒకరు అమెరికాలో ఉన్నరు, భారమంతా అంబేడ్కర్ మీదే పడిందని 1948 నవంబర్ 5న టి.టి. కృష్ణమాచారి సభలోనే చెప్పిండు. నేను చదివి చెప్తే బాపు దాన్ని అవ్వకు చెప్పిన తీరు వేరే. "ఏడుగురు గ్యాంగు. పట్టా మొయ్యాల్సింది ఏడుగురు. మోసింది ఒక్కడు." రైలు పట్టా భుజాన మోసినోడు కాబట్టి ఆ మాట ఆయన నోట బరువుగా వినబడ్డది.

అంటరానితనం రద్దు గురించిన భాగం వచ్చినప్పుడు మాత్రం బాపు తెలుగు ఆగిపోయింది. అవ్వ మోచేత్తో పొడిచింది, "ఏమంటున్నరు?" అని.

"బంద్ జేసిన్రు."

"ఏంది బంద్?"

ఆయన టీవీ దిక్కే చూస్తూ, "గదే, మనల ముట్టకుండుడు," అన్నడు.

"ఎప్పుడు?"

నేను చెప్పిన. 1948 నవంబర్ 29. అవ్వ పుట్టక ముందు. అవ్వ కొంచెంసేపు లెక్కేసుకున్నది. "మరి నా పెండ్లయినంక గూడ మనూరి హోటల్ల నా గ్లాసు చూరుల చెక్కి ఉండె గద? కడుక్కొని నేనే మళ్ల పెట్టొచ్చేదాన్ని." తమ్ముడు సౌండు తగ్గించిండు. అప్పటిదాకా ఆ గ్లాసు సంగతి మా ఇద్దరికీ తెలియదు. సభలో వందల ఉపన్యాసాలు విన్నోణ్ని, ఇచ్చినోణ్ని. మా అవ్వ గ్లాసు ఎక్కడుండేదో నాకు చెప్పడానికి రాజ్యసభ టీవీ కావాల్సొచ్చింది.

ఆ రాత్రి సభ రికార్డు తీసి చదివిన. అప్పట్లో అది 11వ అధికరణం, తర్వాత 17 అయింది. ఆమోదం పొందగానే సభ్యులు 'మహాత్మా గాంధీకీ జై' అని అరిచినట్టు రాసి ఉంది. కమిటీ అధ్యక్షుడు అక్కడే కూసోనుండంగ! పొద్దున బాపుకు చెప్తే నవ్విండు. "పట్టా మోసినోనికి జై అంటరా ఎవలన్న?" అన్నడు.

బాపు కరోనా రెండో వేవ్‌లో పోయిండు. అదే ఏడాది రాజ్యసభ టీవీ కూడా సంసద్ టీవీలో కలిసిపోయింది. 'సంవిధాన్' ఇప్పుడు యూట్యూబ్‌లో ఉంది. ఏప్రిల్ నెలల్లో అవ్వ పెట్టమంటది. హిందీని తెలుగు చేసే పని నాకు పడ్డది. నేను పుస్తకం భాషలో పద్ధతిగా చెప్తుంటే మధ్యలోనే ఆపుతది.

"మీ బాపు గట్ల చెప్పలే. జాయినయిండు అన్నడు. నువ్వు గట్లనే చెప్పు."