తుపాకీ ఉన్న ఇంట్లో కోపం ఉండకూడదు

మా ఇంట్లో తుపాకీ ఉందంటే ఇండియాలో చుట్టాలు నమ్మరు. బొద్దింకని చూస్తే కుర్చీ ఎక్కే మనిషి మా వారు, ఆయన నడుముకి పిస్తోలా అని నవ్వుతారు. నిజమే మరి. మూడేళ్ళయింది.

డాలస్ దగ్గర మాకు చిన్న గ్యాస్ స్టేషన్ ఉంది. రాత్రి పదకొండు దాకా తెరిచి ఉంచాలి. ఆ తర్వాత రోజంతా వచ్చిన డబ్బు లెక్క చూసుకుని, చీకట్లో ఆయన ఒక్కరే కారు దాకా నడవాలి. అదే రోడ్డు మీద ఇంకో కొట్లో దోపిడీ జరిగి, కౌంటర్లో ఉన్న కుర్రాడి తల పగలగొట్టారు. ఆ మర్నాడే ఆయన "ఇక కొనక తప్పదు" అన్నారు. నేను వద్దన్నాను. ఇంట్లో ఇద్దరు పిల్లలు. వారం రోజులు మా మధ్య "ఉప్పు అందుకో", "చారు చాలు" తప్ప వేరే మాటల్లేవు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఇద్దరం కలిసి క్లాసుకి వెళ్ళాలి, అక్కడ చెప్పింది ఇంట్లో తు.చ. తప్పకుండా పాటించాలి. నా షరతు ఇంకొకటి. అది ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి ఈయన కోపం ఇంట్లోంచి బయటికి పోవాలి.

కొనండనో, కొనొద్దనో చెప్పడానికి ఇది రాయడం లేదు. అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళల్లోనూ తుపాకులు చేరుతున్నాయి. చాలా ఇళ్ళల్లో కొనేది మగవాళ్ళు, ఇల్లూ పిల్లలూ చూసుకునేది మనం. అందుకే మనకీ కొన్ని సంగతులు తెలిసి ఉండాలి.

ముందు వీసా సంగతి. హెచ్‌-1బీ, ఎఫ్‌-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి ఉన్నట్టు కొన్ని మినహాయింపులున్నాయి కానీ, లాయర్ని అడక్కుండా వాటిని నమ్ముకోకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్ళు దాటినవాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకోవచ్చని చట్టం వచ్చింది. అది విని "ఇంకేం, మనమూ కొనుక్కోవచ్చు" అనుకునే కుర్రాళ్ళున్నారు. రాష్ట్రం సందిచ్చినంత మాత్రాన ఫెడరల్ నిషేధం పోదు. మీ తమ్ముడో, మరిదో ఆ మాటంటే ఈ ముక్క చెప్పండి.

లైసెన్సు అక్కర్లేకపోయినా మేం దానికి పెట్టే క్లాసుకే వెళ్ళాం. నేర్పినావిడ పోలీసు ఉద్యోగం చేసి రిటైరయింది, అరవై దాటి ఉంటాయి. మొదటి గంటంతా తుపాకీ బయటికి తియ్యలేదు. ఎక్కడికి వెళ్ళకూడదు, ఎవరితో మాట పెంచుకోకూడదు, ఎప్పుడు వెనక్కి తిరిగి వచ్చేయాలి, ఇవే చెప్పింది. తుపాకీ ఉందన్న ధైర్యంతో, లేనప్పుడు వెళ్ళని చోటికి వెళ్తే అది రక్షణ కాదు, కొరివితో తల గోక్కోవడం. రాత్రి ఒంటి గంటకి చీకటి పార్కింగులో ఉన్న ఏటీఎంకి తుపాకీ లేకుండా వెళ్ళరు కదా, ఉన్నా వెళ్ళొద్దు. అంతే సూత్రం.

తర్వాత నాలుగు నియమాలు చెప్పింది. జెఫ్ కూపర్ అని మెరైన్ దళంలో పనిచేసినాయన, 1976లో అరిజోనాలో తుపాకీ శిక్షణ కేంద్రం పెట్టినాయన, వీటిని అందరికీ అలవాటు చేశాడట. ఏ తుపాకీ అయినా తూటా ఉన్నట్టే చూడాలి. నాశనం చేయదలచుకోని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరే దాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. గురిలో ఉన్నది ఏమిటో, దాని వెనక ఏముందో తెలియాలి. ఈ నాలుగూ మా ఫ్రిజ్ మీద పాల లెక్క పక్కనే రాసి పెట్టాను.

ఆ కూపరే మనిషి జాగ్రత్తకి రంగులు చెప్పాడు. తెలుపంటే ఏమరుపాటు, పసుపంటే చుట్టూ కన్నేసి ఉండటం, నారింజ అంటే ఏదో తేడాగా ఉందని పసిగట్టడం, ఎరుపంటే ఇక తప్పదన్న స్థితి. ఇది తుపాకీ లేని మనకీ పనికొస్తుంది. దుకాణం నుంచి సంచులు మోసుకుంటూ ఫోన్లో మాట్లాడుతూ కారు దగ్గరికి వస్తే తెలుపు. ఫోన్ పెట్టేసి, తాళాలు చేతిలో పట్టుకుని, పక్క కార్లో ఎవరున్నారో చూసి వస్తే పసుపు. పసుపులో ఉంటే చాలాసార్లు ఎరుపు దాకా పోవాల్సిన పనే ఉండదు.

ఇక కోపం సంగతి. మా వారు మంచివారే కానీ స్టీరింగ్ పట్టుకుంటే వేరే మనిషి. ఎవడైనా అడ్డం వస్తే హారన్ మీద నుంచి చెయ్యి తియ్యరు. కిందటి వేసవిలో హైవే మీద ఒక పికప్ ట్రక్కు మమ్మల్ని రాసుకున్నంత దగ్గరగా ముందుకొచ్చి, తర్వాత సిగ్నల్ దగ్గర మా పక్కనే ఆగింది. అతను అద్దం దించి అరుస్తున్నాడు. వెనక సీట్లో పిల్లలు బిగుసుకుపోయారు. ఈయన నడుముకి పిస్తోలు ఉంది. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో నాకే తెలుసు. ఈయన అతని వైపు చూడలేదు. చెయ్యెత్తి "సారీ" అన్నట్టు చూపించి, సిగ్నల్ పడగానే మాకు అవసరం లేని కుడి మలుపు తిరిగి, ఒక కిరాణా కొట్టు ముందు ఆపారు. తప్పు మనది కాదు కదా, సారీ ఎందుకని మా పెద్దది అడిగింది. "నా దగ్గర తుపాకీ ఉందమ్మా. అతని దగ్గరా ఉండొచ్చు. గెలిచినా ఓడినా ఇద్దరిలో ఒకళ్ళం ఇంటికి వెళ్ళం" అన్నారు. మూడేళ్ళలో ఆయన నోటి నుంచి నేను విన్న గొప్ప మాట అదే.

చేతిలో ఆయుధం ఉన్నవాడే ఎక్కువ తగ్గాలి. మామూలు మనిషి మాటామాటా అనుకుంటే అది తగువు. తుపాకీ ఉన్న మనిషి అదే తగువు పెంచుకుంటే కోర్టు, జైలు, లేదా శవం. కొట్లో కూడా మా నియమం అదే. ఎవరైనా బెదిరిస్తే గల్లాపెట్టె తెరిచి డబ్బిచ్చేయడమే. పోయిన డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు. ప్రాణం పోతుందనుకున్న ఆఖరి క్షణానికి తప్ప అది బయటికి రాకూడదు, చూపించి భయపెట్టడానికి అసలు రాకూడదు.

క్లాసులో ఆడవాళ్ళం నలుగురం. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవచ్చా అని ఒకావిడ అడిగింది. అప్పుడు టీచరు 2014 డిసెంబరు 30న ఐడాహోలోని హేడెన్ ఊళ్ళో వాల్‌మార్టులో జరిగింది చెప్పింది. షాపింగ్ బండిలో కూర్చున్న రెండేళ్ళ బాబు తల్లి బ్యాగులోంచి తుపాకీ తీశాడు, అది పేలి తల్లి అక్కడికక్కడే పోయింది. ఆవిడకి లైసెన్సుంది, బ్యాగులో దానికోసం వేరే అర కూడా ఉంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మన బ్యాగులు పిల్లలకి బిస్కట్ల డబ్బాలు. ఎక్కడ జిప్పుందో మనకన్నా వాళ్ళకే బాగా తెలుసు. తుపాకీ పెట్టుకుంటే ట్రిగ్గర్ కప్పేసే గట్టి హోల్‌స్టర్‌లో ఒంటి మీదే ఉండాలి, ఒంటి మీద లేకపోతే తాళంలో ఉండాలి. మధ్యలో దిండు కింద, బీరువా మీద, కారు డాష్‌బోర్డులో అనేవి ఉండకూడదు. నేను వెంట పెట్టుకోకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

ఇంట్లో పెట్టె గోడకి బోల్టులు వేసి బిగించాం. తూటాలు వేరే చోట, వేరే తాళం. మా అత్తయ్యగారు ఆరునెలలకని వచ్చినప్పుడు నాకు పిల్లలకన్నా ఆవిడ గురించే బెంగ. ఆవిడకి అరలు సర్దడం సరదా, మన చీరలు కూడా మనకి దొరకవు. మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పాం. "ఇంట్లో నిప్పు దాచుకున్నారన్నమాట" అని కాసేపు ఊరుకుని, "సరే, ఆ గదిలో నేను చీపురు కూడా పెట్టను" అన్నారు. పదిహేడేళ్ళలోపు పిల్లల చేతికి తూటాలున్న తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే టెక్సాస్‌లో పెద్దవాళ్ళ మీదే కేసు. పిల్లలకి కూడా చెప్పాం: ఎక్కడ కనబడ్డా ఆగు, ముట్టుకోకు, అక్కణ్ణించి వచ్చేయ్, పెద్దవాళ్ళకి చెప్పు. కానీ పిల్లలు వింటారన్న నమ్మకం మీద ఇల్లు నడపకూడదు, తాళం మీద నడపాలి.

మా చిన్నాడు వేరే ఇంటికి ఆడుకోవడానికి వెళ్ళే ముందు నేను అడుగుతాను, "మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉంటుందా" అని. మొదట్లో నోరు పెగల్లేదు. ఇప్పుడు ఒక దారి కనిపెట్టాను. "మావాడికి వేరుశనగ పడదు, మీ ఇంట్లో కుక్క ఉందా, తుపాకీ ఉంటే లాకర్లోనే ఉంటుంది కదా" అని ఒకే వరసలో అడిగేస్తాను. మా ఇంట్లో ఉంది, లాకర్లో ఉంటుందని ముందు నేనే చెబుతాను. ఇప్పటిదాకా ఒక్కరు కూడా తప్పు పట్టలేదు.

రాత్రి చప్పుడైతే ఏం చేయాలో కూడా అనుకుని పెట్టుకున్నాం. చీకట్లో ఆయన వెతుక్కుంటూ కిందికి వెళ్ళరు. పిల్లల్ని మా గదిలోకి తెచ్చుకుని, తలుపేసుకుని, 911కి ఫోన్ చేస్తాం. కింద నడుస్తున్నది నీళ్ళకోసం లేచిన అత్తయ్యగారే కావచ్చు. కూపర్ నాలుగో నియమం ఉన్నదే అందుకు. మందు పుచ్చుకున్న రోజు ఆ పెట్టె తెరవకూడదన్నది ఇంకో నియమం.

ప్రయాణాల్లో మరీ జాగ్రత్త. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీల్లో 6,737 తుపాకులు దొరికాయి, వాటిలో నూటికి తొంభై పైగా తూటాలున్నవే. చాలామంది "బ్యాగులో ఉందని మర్చిపోయా" అంటారట. ఇండియాకి వెళ్ళేటప్పుడు బ్యాగు మూల ఒక్క తూటా మిగిలినా ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. ఆయన ప్రాక్టీసుకి తీసుకెళ్ళే బ్యాగుకి నేను ఎర్ర రిబ్బన్ కట్టాను. ఆ బ్యాగు గరాజ్ దాటి ఇంట్లోకి రాదు, ఏ ప్రయాణానికీ రాదు.

చివరిగా మనం మాట్లాడుకోని రెండు సంగతులు. 2021లో అమెరికాలో తుపాకులతో 48 వేల పైచిలుకు మంది పోతే, అందులో 26 వేల మందికి పైగా తమను తామే కాల్చుకున్నవాళ్ళు. బయటి దొంగ కోసం కొన్న వస్తువు ఎక్కువసార్లు ఇంట్లో మనిషినే తీసుకుంటోంది. ఉద్యోగం పోయి, అప్పులు పెరిగి, ఎవరైనా ముభావంగా ఉంటే ముందు ఆ తుపాకీని ఇంట్లోంచి తీయించండి, తర్వాత మాట్లాడండి. 988కి ఫోన్ చేస్తే ఏ వేళైనా పలుకుతారు. మా వారితో ముందే అనుకున్నాం, ఇద్దరిలో ఎవరికి మనసు బాగోలేకపోయినా అది ఇల్లు దాటాలి, కారణం అడగకూడదు.

రెండోది, భర్త చెయ్యి చేసుకునే ఇల్లు. అలాంటి ఇంట్లో తుపాకీ ఉంటే ఆడమనిషి చనిపోయే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుందని పరిశోధనలు తేల్చాయి. గృహహింస కేసులో, ఇతని వల్ల ప్రమాదముందని కోర్టు తేల్చి రక్షణ ఉత్తర్వు ఇస్తే, అతను తుపాకీ ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం ఉంది. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది. అది టెక్సాస్ నుంచి వెళ్ళిన కేసే. పరువు పోతుందని ఊరుకోకండి, 1-800-799-7233కి చేయండి.

మీ ఇంట్లో తుపాకీ ఉంటే ఈ రాత్రి మూడు ప్రశ్నలు అడగండి. ఇప్పుడు అది ఎక్కడుంది? తాళం ఎవరెవరికి తెలుసు? మనలో ఎవరి మనసైనా బాగోలేదా? మూడింటికీ వెంటనే, తడుముకోకుండా జవాబు రావాలి. రాకపోతే అన్నం తర్వాత తినొచ్చు, ముందు ఆ పని చూడండి.