నా కుమార్తె నవ్వని దృశ్యం

సాంచాల మధ్య ముప్పయి ఏళ్ళు గడిపిన చెవులకు పాటలను గూర్చి తీర్పు చెప్పే అర్హత ఉన్నదో లేదో నాకు తెలియదు. అయినా ఆ రోజు చెప్పాను.

మా సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటాము. ఆ పని వెతుక్కుంటూ 1989లో సూరత్ వచ్చి, నగరానికి దక్షిణాన సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న సచిన్‌లో స్థిరపడ్డాను. ఒకప్పుడిది హబ్షీ నవాబులు ఏలిన చిన్న సంస్థానం. 1931లో వెలువడిన మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’లో కథానాయికగా నటించిన జుబేదా ఇక్కడి నవాబు కుమార్తె అని చెబుతారు. సినిమాతో ఇంతటి చుట్టరికం ఉన్న ఊరిలో నేడు వినిపించేది మాత్రం మగ్గాల చప్పుడే.

2018 జూలైలో ‘గీత గోవిందం’ చిత్రం విడుదలకు ముందే అందులోని ‘ఇంకేం ఇంకేం’ అనే పాటను విడిగా వినిపించారు. గోపీసుందర్ స్వరపరచగా, అనంత శ్రీరామ్ వ్రాయగా, సిద్ శ్రీరామ్ పాడిన పాట. నా కుమార్తెకు అప్పుడు పందొమ్మిదేళ్ళు. సూరత్‌లో కళాశాలకు వెళ్ళి వస్తుండేది. ఆమె ఫోనులో ఆ పాట రోజుకు పదిసార్లు మోగేది.

“ఘంటసాల పాటలు విన్న చెవులు, బిడ్డా ఇవి! ఇది గాలిపాట. నెల తిరిగితే ఎవరికీ గుర్తుండదు” అన్నాను.

ఆమె బదులు చెప్పలేదు. కొన్నాళ్ళకు ఆమె నోటు పుస్తకం నా కంటబడింది. ఆ పాటనంతా గుజరాతీ అక్షరాలలో వ్రాసుకొన్నది. అర్థం కాని మాటల క్రింద గీతలు గీసి ఉన్నాయి.

సూరత్ నగరంలో తెలుగు మాధ్యమపు మునిసిపల్ పాఠశాలలున్నా అవి మా ఇంటికి దూరం. అందుచేత ఆమె చదువు గుజరాతీలో సాగింది. ఇంట్లో మాట తెలుగే గాని అక్షరం రాదు. నేర్పబోయిన ప్రతిసారీ నా ఉపన్యాసమే మిగిలేది. పాఠం సాగేది కాదు. ఆ సాయంత్రం ఆమె గీతలు గీసిన మాటలకు అర్థం చెబుతూ, ప్రక్కనే తెలుగులో వ్రాసి చూపాను. దసరా నాటికి ఆ పాటను ఆమె తన చేతితో తెలుగు లిపిలో వ్రాసింది. గాలిపాట అన్న మాటను నేను వెనక్కు తీసుకొన్నాను.

చిత్రం విషయంలో నా అభిప్రాయం మార్చుకోవడం అంత సులువు కాలేదు.

పరశురామ్ దర్శకత్వంలో విజయ్ దేవరకొండ, రష్మిక మందన్న నటించిన ఆ చిత్రం 2018 ఆగస్టు 15న విడుదలయింది. కొంతకాలానికి మా ఇంట్లో టెలివిజన్‌లో చూశాము. బస్సు ప్రయాణంలో కథానాయిక నిద్రపోతుంది. ప్రక్కన కూర్చున్న కథానాయకుడు ఆమెతో కలిసి ఫోటో తీసుకోబోతాడు. బస్సు కుదుపుకు పొరపాటున ఆమెను ముద్దు పెట్టుకొంటాడు. ఆమె అతడిని దుర్మార్గుడని నమ్ముతుంది. అతని అగచాట్లే తరువాతి హాస్యం. నేను నవ్వాను, నా భార్య నవ్వింది. అమ్మాయి మాత్రం నవ్వలేదు.

“తేలికపాటి హాస్యమే గదా? మన ‘మిస్సమ్మ’లో మాత్రం పెళ్ళికాని వాళ్ళు మొగుడూ పెళ్ళాలమని అబద్ధమాడలేదా?” అన్నాను. 1955 నాటి ఆ చిత్రాన్ని నేనే ఆమెకు ఎన్నోసార్లు చూపించాను.

“అందులో సావిత్రి ఒప్పుకొనే వచ్చింది, బాపూ. ఈ పిల్ల నిద్రల ఉన్నది.”

నాకు జవాబు తోచలేదు. కొంతసేపటికి తలవంచుకొని మళ్ళీ అన్నది: “చివరికి ఆ పిల్లే తప్పుగా అనుకొన్నదని తేల్చిండ్రు. నేనైతే తప్పుగా అనుకోలేదు.”

అప్పుడు తెలిసింది. కళాశాల బస్సు కాదు, ఊరి బస్సు. సాయంత్రం రద్దీలో ఒకడు ఆమె ప్రక్కనే చేరి, ప్రతి కుదుపును సాకుగా చేసుకొనేవాడట. నాలుగు నెలలుగా ఈ మాట ఆమె మాకు చెప్పలేదు.

“ఎందుకు చెప్పలేదు?” అని అడిగాను.

“చెబితే చదువు మానిపిస్తవని.”

నిజానికి ఆ క్షణంలో నా నాలుక మీద ఉన్న మాట అదే. బిడ్డ నన్ను నాకంటే బాగా ఎరిగి ఉన్నది. ఆ మాటను మింగివేసి, “నువ్వు తప్పుగా అనుకోలేదు, బిడ్డా” అన్నాను. ఆమె ఏడ్చింది.

వారం రోజులు రాత్రి పాళీకి మారి, సాయంత్రాలు ఆమెతో కలిసి ఆ బస్సులో వచ్చాను. వాడు కనబడలేదు. ఎనిమిదో రోజున ఆమె, “ఇక చాలు బాపూ, నేను చూసుకొంటా” అన్నది. తరువాత ఒకనాడు వాడు మళ్ళీ ప్రక్కన చేరితే, బస్సంతా వినబడేలా కేక వేసిందట. తోటి ఆడవాళ్ళు లేచి నిలబడగానే వాడు దిగిపోయాడట. ఈసారి ఆ సంగతి అదే రాత్రి మాకు చెప్పింది.

ఆ చిత్రాన్ని చెడ్డదని నేను అనను. కథానాయకుడు మంచివాడే, జరిగినది పొరపాటే. కాని నేను అతని సీటులో కూర్చొని నవ్వాను. నా కుమార్తె ఆ ప్రక్క సీటులో కూర్చొని చూసింది.

ఇప్పుడామె సూరత్‌లో ఉద్యోగం చేస్తున్నది. నేటికీ బస్సులోనే వెళ్ళి వస్తుంది. మొన్న ఉదయం తల దువ్వుకొంటూ అదే పాట పాడుకొంటున్నది. నా చెవులు మునుపటికన్నా మందగించాయి. అందుకని దగ్గరగా వెళ్ళి నిలబడ్డాను.