కరవులో కనిపెట్టుట

25వ కీర్తన ముగియుచున్నచోట దావీదు తన యథార్థతను, దేవునికొరకు కనిపెట్టుటను ఒక్క మనవిలోనే కలిపెను. చదువునప్పుడు ఈ రెండును వేరువేరు సుగుణములని తోచును. కాని ఫలము నేడే కనబడవలెనని త్వరపడువాడు త్రాసును వ్రేలితో నొక్కును. ఈ సంగతికి మన తెలుగు సంఘముల చరిత్రలోనే ఒక సాక్ష్యమున్నది.

1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు ఒంగోలు ప్రాంతమును పట్టెను. మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనినది అదియే. అప్పుడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీయగు జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో నుండిరి. ఆయన బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొన్ని మైళ్ల పనిని గుత్తకు తీసికొని, పార, తట్ట పట్టగలిగినవారికి కూలి దొరకునట్లు చేసిరి. బోధకులే మేస్త్రీలైరి. పని నిలిచిన వేళ, మట్టి చేతులతో కూర్చున్నవారికి వారే సువార్త చెప్పిరి. ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు పిలిచిన పిలుపును తట్ట మోయువారికి విడమరచి చెప్ప నక్కరలేదు గదా!

వినినవారు వేలకొలది. బాప్తిస్మము కోరినవారును అనేకులు. అయినను సుమారు 15 నెలలు దొరగారు ఒక్కరికిని బాప్తిస్మ మియ్యలేదు. కూలి ఇచ్చు చేయియే బాప్తిస్మమిచ్చు చేయి అయినప్పుడు, వచ్చినవాడు క్రీస్తును అడుగుచున్నాడో కూటిని అడుగుచున్నాడో ఎవరు తేల్చగలరు? ఒక్కొక్కప్పుడు అడుగువానికే తెలియదు. ఆకలిగొన్నవానిని నేను తప్పుపట్టను. అతని ఆకలిని లెక్కలో వేసికొను బోధకుని గూర్చియే నాకు భయము.

ఆ మిషను సంగతి కూడ తలంచుడి. ఫలము లేదని దానిని మూసివేయుటను గూర్చి 1853లో అమెరికాలోని పెద్దలు చర్చించిరి. అట్టి మిషనుకు వేలకొలది పేర్లు వ్రాసి పంపు అవకాశము వచ్చినది, ఆయన పంపలేదు. ఈ దినములలో మన వార్షిక నివేదికలు వ్రాయువారు దీనిని చదివిన మేలు.

కనిపెట్టుటకు వెల లేకపోలేదు. ఆ కూలి పాకలలో కలరా ప్రవేశించెను, అనేకులు చనిపోయిరి. నీటిలో దిగకయే పోయినవారి మాటేమని మన సంఘములలో కొందరు నన్నడిగిరి. సిలువమీది దొంగ కూడ నీటిలో దిగలేదు. ప్రభువు అతనిని ఎరిగియుండెను. ఇంతకు మించి నేను చెప్పజాలను.

కాలువ పని ముగిసెను. 1878 మధ్య నాటికి సహాయము పంచుటయు నిలిచెను. ఇక ఇచ్చుటకేమియు లేదని తెలిసియే జనులు గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి వచ్చిరి. వారిలో ఎక్కువమంది మాదిగపల్లెలవారు. తమకు ధనసహాయ మక్కరలేదనియు, క్రైస్తవులముగా నుండగోరుచున్నామనియు దొరగారికి తెలిపిరి. వారిని ఎరిగిన బోధకులు విచారణ చేసిరి. 1878 జులై 3వ తేదీన, ఒక్క దినముననే, 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇద్దరేసి చొప్పున నీటిలో నిలిచి వంతులు మార్చుకొనిరి. తరువాత జనులు తమ పల్లెలకు మరలిపోయిరి. రాబోవు పంట చేతికి వచ్చునో రాదో అప్పటికి వారికి తెలియదు.